కాగితం మీద జట్టు



ఆట చూసేవాడికి సొంత జట్టు ఎక్కడిది? కాగితం మీద కట్టుకోవచ్చునన్న ఊహ అరవై ఏళ్లకు పైబడినది.

1960లో అమెరికాలో విలియం గామ్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త మిత్రులతో ఒక వినోదం మొదలుపెట్టారు. ఎవరికి వారు బేస్‌బాల్ ఆటగాళ్లను ఎంచుకోవాలి. మైదానంలో వాళ్లు సాధించిన అంకెలే ఇక్కడ మార్కులు. దీన్ని ఆడిన అధ్యాపకుడు రాబర్ట్ స్క్లార్ ద్వారా విషయం ఆయన విద్యార్థి డేనియల్ ఓక్రెంట్‌కు తెలిసింది.

1980లో ఓక్రెంట్, మిత్రులు ఆటగాళ్లను వేలం పాడుకున్నారు. వాళ్లు కలుసుకునే న్యూయార్క్ హోటలు లా రోటిస్సరీ ఫ్రాన్సేజ్. అందుకే అది రోటిస్సరీ లీగు అయింది. ఖర్చుకు హద్దు ఉంది కనుక పేరున్నవాళ్లందరినీ కొనలేరు. ఎవరూ పట్టించుకోని మంచి ఆటగాణ్ణి పసిగట్టడమే నేర్పు. 1981లో ఆటగాళ్ల సమ్మెతో మ్యాచులు ఆగిపోగా, రాయడానికి ఏమీ లేని విలేఖరులు దీని గురించి రాశారు. అలా దేశమంతా పాకింది.

ఇందులో ఆనందమేమిటి? ఓడే జట్టులోనూ మనవాడు ఒకడుంటాడు. చివరి బంతి దాకా చూస్తాం. గెలుపోటములకు అవతల, ఒక్కొక్కరి శ్రమ కంటికి కనబడుతుంది.

మన దేశంలో ఈ సరదా క్రికెట్‌తో వచ్చి, సెల్‌ఫోనులో డబ్బు పందెంగా మారింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది.

పిల్లలకు నేను చెప్పేది ఒకటే: నోటుపుస్తకంలో పదకొండు పేర్లు రాసుకోండి, మార్కులు కూడండి. పందెం మాత్రం వద్దు. లెక్కా వస్తుంది, ఆటా అర్థమవుతుంది.