సూరత్తు రేవున కహ్వా

సూరత్తును గూర్చి 17వ శతాబ్దిలో ఆంగ్లేయులు వ్రాసిన యాత్రాగ్రంథములనుండి కొన్ని భాగములను తెనిగింప బూనినప్పుడు నాకొక చిక్కు కలిగినది. అందు కనబడు పానీయమును 'కాఫీ' అని వ్రాయవలెనా, 'కహ్వా' అని వ్రాయవలెనా? మొదట 'కాఫీ' అనియే వ్రాసితిని. తిరిగి చదువుకొనగా, తెలుగు పాఠకుని కన్నులయెదుట ఇత్తడి ఫిల్టరు, చిక్కని పాలు, నురుగు గట్టిన గ్లాసు నిలుచుననియు, మూలములో వీనిలో ఒక్కటియు లేదనియు తోచినది. మాట సరియే, వస్తువు వేరు.

కాఫీ తెల్లవారు మనకంటించిన అలవాటని మన పెద్దలలో చాలమంది తలచిరి. ఆ తలపు మన హాస్యరచనలలోనికిని ప్రాకినది. తోటలను గూర్చిన మాటయైనచో అందు కొంత నిజము లేకపోలేదు. పానీయమును గూర్చి మాత్రము సూరత్తు చెప్పు సాక్ష్యము వేరుగా నున్నది.

తపతీనదీ ముఖమునకు చేరువనున్న సూరత్తు మొగలాయి సామ్రాజ్యమునకు ముఖ్యమైన రేవు. మక్కా యాత్రికులు ఇచ్చటనే ఓడ నెక్కెడివారు. ఇచ్చటి నూలుబట్టలు ఎర్రసముద్రపు మోఖా రేవునకు పోయెడివి. మరలివచ్చు ఓడలలో వెండియు, కాఫీగింజలును వచ్చెడివి. ఆ ఓడలలో పెక్కింటికి సొంతదారులు సూరత్తు వర్తకులే. 1718లో మరణించిన ముల్లా అబ్దుల్ గఫూర్ వంటి వారికి పెక్కు ఓడలుండెడివి.

1616లో ఈ తీరమున దిగి, ఆంగ్ల రాయబారి సర్ థామస్ రోకు పురోహితుడైన ఎడ్వర్డ్ టెర్రీ, మతనిష్ఠచే మద్యము ముట్టనివారు నల్లని గింజను నీటిలో మరిగించి త్రాగుదురని వ్రాసినాడు. రుచికంటె గుణమే మిన్న యనియు, అది అరుగుదలకు, మనసు తేటపడుటకు మంచిదనియు అతని అభిప్రాయము. లండనులో తొలి కాఫీశాల వెలసినది 1652లో. కావున టెర్రీ మనకు నేర్పవచ్చినవాడు కాడు. క్రొత్త వింతను చూచి తనవారికి చెప్పుకొన్నవాడు.

1689లో సూరత్తు చేరిన మరియొక పురోహితుడు జాన్ ఓవింగ్టన్ 1696లో తన గ్రంథమును ప్రకటించెను. బనియాలకు తేనీరు, కాఫీ నిషిద్ధములు కావనియు, అలసట తీరుటకు పగలెప్పుడైనను వానిని త్రాగుదురనియు అందున్నది. తేనీటిలో ఘాటైన సుగంధద్రవ్యములు వేసి మరిగించుటయు అతడు చూచినాడు. నేటి మసాలా చాయ్ వయస్సు నడుగువారు ఆ పుటను చూడవచ్చును.

ఇక గింజ మాట. మోఖా గింజ మోఖాలో పండదు. యెమెన్ కొండలమీది మెట్టుపొలములలో పండి, బైత్ అల్ ఫకీ అంగడిలో చేతులు మారి, రేవునకు దిగి రేవు పేరు పెట్టుకొన్నది. పండించినవారిలో పెక్కుమంది గింజను అమ్ముకొని, పైపొట్టును మరిగించి 'కిష్ర్' అను కషాయముగా త్రాగెడివారు. ఇది నన్ను చాలసేపు ఆలోచింపజేసినది.

మన మచిలీపట్నమునుండియు ఓడలు ఎర్రసముద్రమునకు పోయెడివి. గోలకొండ సుల్తాను యాత్రికుల కొరకు ఏటేట బియ్యము పంపెడివాడని, 1618 మొదలు 1622 వరకు అచ్చట నుండిన మెథ్‌వోల్డ్ వ్రాసినాడు. ఆ మెథ్‌వోల్డే తరువాత 1633లో సూరత్తు కోఠీకి అధ్యక్షుడైనాడు.

బాబా బుడన్ ఏడు గింజలను తెచ్చి చంద్రగిరి కొండలలో నాటినాడని జనశ్రుతి. అతడు తెచ్చినది విత్తనము. సూరత్తుకు వచ్చినది సరకు. విత్తనము కథగా నిలిచినది, సరకును మరచితిమి. డచ్చివారు 1696లోను, మరల 1699లోను మలబారునుండి మొక్కలను జావాకు గొనిపోయిరి. 18వ శతాబ్దిలో జావా కాఫీ మోఖా గుత్తాధిపత్యమును కూల్చినది. సూరత్తు వర్తకమును మొగలాయి సామ్రాజ్యముతోపాటే సన్నగిల్లినది. 1759లో కోట ఆంగ్లేయుల వశమైనది. మన మన్యములో, పాములేరు లోయలో, బ్రాడీ యను దొర కాఫీ నాటించుట 1898 నాటి మాట. నేడు పేరొందిన అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చినది 2019లో.

మా ఇంట పీబెర్రీ గింజకే మర్యాద ఎక్కువ. పండులో రెండు గింజలకు బదులు ఒక్కటే గుండ్రముగా నెదిగినది పీబెర్రీ. మా అమ్మ దానిని మూకుడులో వేయించి, చేతిమరలో పొడిచేసి, ఫిల్టరులో వేడినీరు పోసి, బొట్టుబొట్టుగా దిగువరకు మమ్ము కదలనిచ్చెడిది కాదు. దిగినదానిని డికాక్షన్ అందుము. ఆ మాటకు మరిగించి తీసిన కషాయమని అర్థము; మనము మరిగించుట లేదు. కహ్వానాటి పద్ధతిని ఆ మాట ఇంకను మరువలేదని నా ఊహ. పొడిలో కలియు చికోరీ విషయములో మా ఇంట వాదములు తెగెడివి కావు. ఆ వేరు విరివిగా పండుట గుజరాతులోని జామ్‌నగర్ ప్రాంతమున నని మాకప్పుడు తెలియదు.

సూరత్తు నేడు చాయ్ త్రాగు నగరము. తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీలు పెక్కుమంది అచ్చటి మరమగ్గములయొద్ద నున్నారు. అట్టి యొక ఇంట, నేను కోస్తావాడనని విని, ఆ ఇల్లాలు "మీకు కాఫీ అలవాటు గదా అన్నా" అని ప్రత్యేకముగా కాచినది. ఫిల్టరు లేదు. పొడిని నీటిలో వేసి, చాయ్ మరిగించినట్లే మరిగించి, పాలు పోసి వడగట్టినది. పాలను, చక్కెరను తీసివేసినచో టెర్రీ చూచినది ఇంచుమించుగా అదియే.

బసకు వచ్చి టెర్రీ వాక్యములోని 'కాఫీ'ని కొట్టివేసి 'కహ్వా' అని వ్రాసితిని. ఓవింగ్టన్ వాక్యమును మాత్రము ఇంకను దిద్దలేదు.