చెవి కోసం వేసిన తోటలు

పోయిన జనవరిలో మా అమ్మాయి పరుగు పందేలకని బెంగళూరు వెళ్ళాం. కంఠీరవ స్టేడియంలో పోటీలు. పిల్లల్ని ఆటలకు తిప్పే తల్లులకి ఈ ప్రయాణాల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. స్టేడియానికి నడిచి వెళ్ళేంత దూరంలో లాడ్జి ఉందా, వేడినీళ్ళు వస్తాయా, తెల్లారి ఆరింటికే ఇడ్లీ దొరుకుతుందా అని ఫోన్లో అన్నీ అడిగాను. అడగనిది ఒక్కటే, గది ఏ వైపు ఉంటుందని. మాకిచ్చింది రోడ్డు వైపు, అదీ లిఫ్టు పక్కన.

రాత్రి పదకొండయినా హారన్లు ఆగలేదు. వరండాలో వేరే ఊళ్ళ పిల్లల పరుగులు, తలుపుల దబదబలు. మధ్యమధ్యలో లిఫ్టు తలుపు మూయమని అరిచే రికార్డు గొంతు. మర్నాడు పదింటికి పందెం. పిల్ల అటూ ఇటూ దొర్లుతోంది. దానికి తోడు నేను. "నిద్రపోమ్మా, రేపు మొదట్లోనే ఊపిరంతా పోగొట్టుకోకు, చివరి వంద మీటర్లలో చేతులు బిగించకు" అని చెబుతూనే ఉన్నాను. చివరికి అది లేచి కూర్చుని, "అమ్మా, హారన్లయినా భరించగలను కానీ నువ్వు కాసేపు మాట్లాడకు" అంది.

మనసు చివుక్కుమంది. ఏం చేయాలో తోచక, చలికాలమైనా సరే ఫ్యాను అయిదులో పెట్టి, రెండు దుప్పట్లు కప్పాను. పాత ఫ్యాను, గురగురమని ఒకటే మోత. పావుగంటలో పిల్ల నిద్రపోయింది. రోడ్డు మీద హారన్లు తగ్గలేదు. వినిపించడం మాత్రం తగ్గింది.

పొద్దున ఆరింటికి ఒళ్ళు వదులు చేసుకుంటానంటే పక్కనే ఉన్న కబ్బన్ పార్కుకి తీసుకెళ్ళాను. ఆదివారం కాబట్టి లోపలి రోడ్ల మీద బళ్ళు లేవు. వెదురు పొదల్లో గాలికి బొంగులు ఒకదానికొకటి రాసుకుని కిర్రుమంటున్నాయి. నేను బ్యాండ్‌స్టాండ్ ఎదురుగా కూర్చున్నాను. 1870లో మైసూరు రాజ్యపు చీఫ్ ఇంజనీరు రిచర్డ్ శాంకీ ఈ పార్కును వేయించాడు. ఎనిమిది పలకల ఇనుప బ్యాండ్‌స్టాండ్ ఆ తరవాత 20వ శతాబ్దం తొలి రోజుల్లో వచ్చింది. ఎత్తు అరుగు, పైన కప్పు, చుట్టూ గోడలు లేవు. వాయించేవాళ్ళ శబ్దం కప్పుకి తగిలి చుట్టూ ఉన్న జనం వైపు మళ్ళాలి, అందుకే ఆ కట్టడం అలా ఉంటుంది. తోటలో చెట్లెక్కడ పెట్టాలో ఆలోచించినట్టే, శబ్దం ఎక్కడ పెట్టాలో కూడా ఎవరో ఆలోచించారన్నమాట. అది నాకు కొత్తగా అనిపించింది. ఇంటికొచ్చాక ఆ దారిలో చదువుకుంటూ పోయాను.

నిజానికి నాకు కొత్త కాకూడదు. బి.ఏ.లో ప్రబంధాల అష్టాదశ వర్ణనలు వల్లె వేసినదాన్నే కదా! అందులో ఉద్యానవనం ఒకటి, జలక్రీడ ఒకటి. ఏ ప్రబంధంలో తోట వచ్చినా పూలతో పాటు కోయిలలు, చిలకలు, తుమ్మెదల ఝంకారం వచ్చి తీరతాయి. మన కవుల తోట కంటికెంత ఉందో చెవికీ అంతే ఉంది. పరీక్షకి చదివినప్పుడు అది నా బుర్రకెక్కలేదు.

మొగలుల తోటల్లో అయితే ఇది రాతి పనిగానే కనిపిస్తుంది. జహంగీరు 1619లో శ్రీనగర్‌లో వేయించిన షాలిమార్ బాగ్ లాంటి తోటలు మెట్లు మెట్లుగా దిగుతాయి. ఒక మెట్టు నుంచి కింది మెట్టుకి నీళ్ళు దిగడానికి వాళ్ళు వాడిన ఏటవాలు రాతిపలకను చాదర్ అంటారు, అంటే దుప్పటి. దాని మీద చేప పొలుసుల్లాంటి చెక్కడాలుంటాయి. నున్నటి రాయి మీదైతే నీరు చప్పుడు లేకుండా జారిపోతుంది. చెక్కిన రాయి మీద విరిగి, నురగలు కట్టి, గలగలమంటుంది. నీళ్ళ చప్పుడు ఎంత ఉండాలో అక్కడ ఉలి తేల్చింది.

అంతకు ముందే 16వ శతాబ్దంలో ఇటలీలోని తివోలి ఊళ్ళో విల్లా దెస్తె తోట కట్టినవాళ్ళు ఇంకా దూరం వెళ్ళారు. అక్కడి ఒక ఫౌంటెన్ నీటి బలంతోనే ఆర్గన్ వాయించేది. ఇంకొక దాంట్లో కంచు పక్షులు పాడుతుంటే గుడ్లగూబ బొమ్మ వచ్చేది, వెంటనే పక్షులు నోరు మూసేవి.

జపాన్ వాళ్ళది దీనికి పూర్తిగా వేరే దారి. ఎదో కాలం నుంచి అక్కడి తోటల్లో సుయికిన్‌కుత్సు అనేది ఉంది. అడుగున చిల్లున్న కుండను బోర్లించి భూమిలో పాతుతారు. చేతులు కడుక్కున్న నీళ్ళు ఆ చిల్లులోంచి బొట్టు బొట్టుగా లోపలి నీటి మీద పడితే, కుండ కడుపులో తీగ మీటినట్టు మోగుతుంది. వినాలంటే మనిషి ఆగి, వంగి, చెవి పెట్టాలి.

ఇవన్నీ రాజులవో, ధనవంతులవో, తీరికున్నవాళ్ళవో. రద్దీ ఊళ్ళో మామూలు మనిషికి ఈ ఉపాయం అందించినది న్యూయార్క్‌లోని ఒక చిన్న పార్కు. 1967లో మన్‌హట్టన్ 53వ వీధిలో రెండు భవనాల మధ్య ఖాళీలో పేలీ పార్క్ తెరిచారు. విలియం పేలీ తన తండ్రి జ్ఞాపకార్థం కట్టించాడు. మొత్తం కలిపి 4,200 చదరపు అడుగులు, అంటే మన దగ్గర ఒక మంచి ఇంటి స్థలమంత. వెనక గోడంతా 20 అడుగుల ఎత్తు నుంచి పడే నీళ్ళు. ముందు సన్నటి చెట్లు, కదిపి వేసుకునే కుర్చీలు. వీధిలో కార్లు మోగుతూనే ఉంటాయి, లోపల కూర్చున్నవాళ్ళకి మాత్రం నీళ్ళే వినిపిస్తాయి.

చెట్లు నాటితే చప్పుడు ఆగుతుందని మనం అనుకుంటాం. ఒకటి రెండు వరసల చెట్లు ఆపేది చాలా తక్కువ. పేలీ పార్కు కూడా చప్పుడుని ఆపలేదు, దాని మీద ఇంకో చప్పుడు కప్పింది. ఆగి ఆగి వచ్చే శబ్దం వైపు చెవి ప్రతిసారీ తిరుగుతుంది. ఎడతెగకుండా ఒకేలా వచ్చే దాన్ని కాసేపటికి వదిలేస్తుంది, అది కప్పేసిన వాటినీ వదిలేస్తుంది. ఇది చదివి నవ్వొచ్చింది. ఆ రాత్రి లాడ్జిలో నా ఫ్యాను చేసిన పని అదే కదా!

ఆ తరవాత కెనడాలో మర్రే షాఫర్ అనే సంగీతకారుడు దీన్నొక చదువుగా మలిచాడు. ఒక చోట వినిపించేవన్నీ కలిపి సౌండ్‌స్కేప్ అని పిలిచి, 1977లో పుస్తకం రాశాడు. చప్పుడు తగ్గించడం ఒక్కటే చాలదు, ఏ శబ్దాలు ఉంచుకోవాలో, ఏవి పెంచుకోవాలో ముందు తేల్చుకోవాలన్నది అతని మాట. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదన్నాయి. ఎంత మించకూడదో ఆ చట్టం చెబుతుంది. ఏం వినిపించాలో మాత్రం మనమే చూసుకోవాలి.

ఆ ఆదివారం సంగతి చెప్పి ముగిస్తాను. పార్కు నుంచి స్టేడియానికి నడిచి వెళ్తుంటే చెప్పాల్సినవి నాలిక చివరిదాకా వచ్చాయి. మింగేశాను. నీళ్ళ సీసా అందించి గ్యాలరీలో కూర్చున్నాను. అయిదో స్థానంలో వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. అనంతపురం బస్సు ఎక్కి దేవనహళ్ళి దాటాక, అదే నా భుజం మీద తల పెట్టి, "చివర్లో చేతులు బిగించేశానమ్మా, నాకే తెలిసింది" అంది. రాత్రి నేను పదిసార్లు చెప్పిన మాటే! నా గొంతులో దానికి వినపడలేదు, తన గొంతులో వినపడింది.

వచ్చే నెల మళ్ళీ పోటీలున్నాయి. ఈసారి లాడ్జికి ఫోన్ చేసి మొదట అడిగింది వెనక వైపు గది ఉందా అని. రెండోది, ఫ్యాను తిరుగుతుందా అని.