చిన్న బొంబాయి గుమాస్తాలు

మా చీరాల బట్టల బజారు పెరగడానికి సగం కారణం మద్రాసు–కలకత్తా రైలు పట్టాలు. పల్లెల చిల్లర కొట్లవాళ్లు పొద్దున బండి దిగి, టోకు కొట్లన్నీ తిరిగి, మూటలు కట్టించుకుని సాయంత్రం బండెక్కేవారు. మా ఊరికి చిన్న బొంబాయి అనే పేరు అలా అంటుకుంది. 1921 నాటి చీరాల–పేరాల ఉద్యమం గురించి, దాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గురించి మా ఊరి పెద్దలు గంటలకొద్దీ చెబుతారు. కొట్లో పరుపు మీద కూర్చుని చీర మడత విప్పిన గుమాస్తా ప్రసక్తి మాత్రం తెచ్చేవాళ్లు తక్కువ.

గుమాస్తాకి నోరుంటే చాలనుకుంటారు. నేను చూసినంతలో ముందుండాల్సింది జ్ఞాపకం. ఏ ఊరి కొట్లో కిందటి సంక్రాంతికి ఏ రంగు మిగిలిపోయిందో, ఎవరు వడ్ల డబ్బు రాగానే బాకీ తీరుస్తారో, ఎవరు పొగాకు అమ్మేదాకా ఆగమంటారో అతని తలలో ఉండేది. చిట్టా పుస్తకం షావుకారు కోసం. “ఈ ఆకుపచ్చ మీ ఊళ్లో పోదు బాబాయ్, వద్దు” అని చేతికొచ్చిన బేరాన్ని తనే ఆపేవాడు. షావుకారు గుర్రుగా చూసేవాడు. అయినా ఆ బాబాయ్ మళ్లీ వచ్చినప్పుడు నేరుగా అతని ముందే కూర్చునేవాడు.

ఇంకా వెనక్కి వెళితే తేలియా రుమాళ్లు. నూలును నూనెలో నానబెట్టి ఎరుపు, నలుపు రంగులద్ది ఇక్కడ నేసిన ఆ చదరపు గుడ్డలు అరబ్బు దేశాలకు పోయేవి. తలకు చుట్టుకునేవాడిని నేసేవాడు ఎన్నడూ చూడలేదు. ఎడారి మనిషికి ఏం నచ్చుతుందో మగ్గం దాకా మోసుకొచ్చింది మధ్యనున్న వర్తకులే. లాభమూ వాళ్లే ఎక్కువ తిన్నారు, అది వేరే కథ. ఆ పని ఇక్కడ సన్నగిల్లి, ఇవాళ తెలంగాణలోని పుట్టపాకలో నిలబడింది.

కార్డు ముక్క, ట్రంకాల్, ఎస్టీడీ బూత్, సెల్‌ఫోన్: ఇవి వచ్చినా బజారు పెద్దగా బెదరలేదు. 2016లో పెద్ద నోట్లు రద్దయ్యాక ఫోన్లో డబ్బు కొట్టడం అలవాటైంది. అదీ సర్దుకుంది. అసలు చిక్కు ఫొటోతో వచ్చింది.

మా దగ్గర నేసే కుప్పడం చీరలో అంచు పోగు వేరు, చీర ఒంటి పోగు వేరు. రెంటినీ మగ్గం మీదే ఒకదానితో ఒకటి మెలేసి కలుపుతారు. పవర్‌లూమ్ మీద దించిన నకలు ఫొటోలో దాని కవలలా కనిపిస్తుంది. కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం చేశారు, 2006లో చేనేత ముద్ర తెచ్చారు. అయినా వాట్సాప్‌లో వచ్చిన బొమ్మను చూసి ఎవరు తేల్చగలరు? పాత గుమాస్తా చీర తిరగేసి, అంచు కలిసేచోట వేలితో తడిమి, “ఇది మరమగ్గం, సగం ధరకిస్తా, చేనేత అని మాత్రం అమ్మకండి” అనేవాడు. అందరూ అలా అన్నారని చెప్పను. అననివాళ్ల వల్ల మా పక్కనున్న జాండ్రపేట, పేరాల మగ్గాలకు జరిగిన నష్టం చిన్నది కాదు.

ఇప్పుడు కొట్లలో వీడియో కాల్ బేరాలు. ట్యూబ్‌లైటు కింద మెరూన్ రంగు ఫోన్లో ఇటుక రంగులా పడుతుంది. అందుకని చీరను గుమ్మం బయటికి తెచ్చి ఎండలో చూపిస్తారు. గంజి ఎంతుందో తెలియడానికి ఫోను దగ్గర పెట్టి గుప్పిట్లో నలిపి చప్పుడు వినిపిస్తారు. నాలుగు ఉతుకులకు ఎంత మెత్తబడుతుందో మాటల్లో చెప్పాలి, అది చెప్పడం ఇరవయ్యేళ్ల కుర్రాళ్లకు చేతకావడం లేదు. అందుకే పని మానేసిన పెద్ద గుమాస్తాలను కొన్ని కొట్లు మళ్లీ పిలిపించుకున్నాయి. ఫోను పట్టుకునేది కుర్రాడు, మాట్లాడేది పెద్దాయన. లైకులన్నీ కుర్రాడి ఖాతాలోనే పడుతున్నాయి.