యూనిట్ 14: అజంతా కుడ్యచిత్రాల పరిరక్షణ చరిత్ర

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
– అజంతా చిత్రాలను వేసిన పద్ధతిని, అవి పాడవడానికి గల కారణాలను వివరించగలుగుతారు;
– 1819 నుంచి నేటి వరకు జరిగిన నకళ్ల తయారీని, పరిరక్షణ ప్రయత్నాలను కాలక్రమంలో చెప్పగలుగుతారు;
– హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖ నిర్వహించిన పాత్రను అంచనా వేయగలుగుతారు;
– పరిరక్షణకు, పునరుద్ధరణకు మధ్య గల తేడాను ఉదాహరణలతో చూపగలుగుతారు.

14.1 పరిచయం

అజంతా అనగానే మన కళ్లముందు మెదిలేది పద్మపాణి బోధిసత్త్వుడి చిత్రం. ఒకటవ గుహలో, లోపలి గర్భగృహానికి ఎడమవైపు గోడమీద, చేతిలో కలువపువ్వుతో, తల కొద్దిగా వంచి, కనురెప్పలు వాల్చి నిలబడిన ఆ మూర్తిని పాఠ్యపుస్తకాల్లోను, క్యాలెండర్లలోను చూడనివారు అరుదు. క్రీ.శ. 5వ శతాబ్దం చివరిలో వేసిన ఆ చిత్రం సుమారు 1500 ఏళ్ల తరువాత కూడా మనకు కనిపిస్తోంది. అయితే అది దానంతట అది నిలిచినది కాదు. కొంతకాలం మనుషులు మరచిపోవడం వల్ల నిలిచింది. తరువాత మనుషులు పూనుకోవడం వల్ల నిలిచింది. ఆ పూనిక వల్లనే కొంత నష్టం కూడా జరిగింది.

చిత్రకళా చరిత్ర అంటే చిత్రాన్ని ఎవరు వేశారు, ఏ రాజు కాలంలో వేశారు అన్నదే కాదు. వేసిన తరువాత ఆ చిత్రానికి ఏమి జరిగింది అన్నది కూడా చరిత్రే. ఈ యూనిట్‌లో మనం ఆ రెండో భాగాన్ని చదువుతాం. అజంతా నేడు మహారాష్ట్రలో ఉన్నప్పటికీ, దాని పరిరక్షణలో కీలకమైన ఘట్టాలు హైదరాబాదు రాజ్యంలో భాగంగా ఉన్నప్పుడు జరిగాయి. కాబట్టి ఇది తెలుగువారి పురావస్తు చరిత్రలో కూడా ఒక అధ్యాయం.

14.2 చిత్రాలు వేసిన పద్ధతి

వాఘోరా వాగు మలుపు తిరిగేచోట, గుర్రపు డెక్క ఆకారంలో ఉన్న నల్లరాతి కొండలో సుమారు 30 గుహలను తొలిచారు. ఇవి రెండు దశల్లో తయారయ్యాయి. మొదటి దశ శాతవాహనుల కాలానిది. 9, 10 గుహలు ఆనాటివే. రెండో దశ 5వ శతాబ్దంలో వాకాటక రాజు హరిషేణుని కాలానిది. 16వ గుహను చేయించినవాడు హరిషేణుని మంత్రి వరాహదేవుడని అక్కడి శాసనం చెబుతుంది.

గోడమీద సున్నపుపూత పచ్చిగా ఉండగానే రంగులు వేసే ఇటలీ పద్ధతి అజంతాలో లేదు. ఇక్కడ గరుకైన రాతిమీద ముందుగా మట్టిపూత పూశారు. ఆ మట్టిలో వరి ఊక, గడ్డి, మొక్కల నారలు కలిపారు. దానిపైన సన్నటి మట్టిపూత, ఆపైన తెల్లని పలుచని పూత వేసి ఆరనిచ్చారు. ఆరిన తరువాత జిగురు కలిపిన రంగులతో చిత్రాలు వేశారు. ఎర్రమన్ను, పచ్చమన్ను, ఆకుపచ్చ మన్ను, దీపపు మసి, సున్నపు తెలుపు ముఖ్యమైన రంగులు. నీలిరంగు మాత్రం రాజావర్తం అనే రాతి పొడి; ఇది అఫ్గనిస్థాన్ ప్రాంతం నుంచి వచ్చేది.

ఈ పద్ధతిని గుర్తుంచుకోవడం అవసరం. ఎందుకంటే చిత్రం పాడవడానికి కారణాలు దానిని వేసిన పద్ధతిలోనే ఉన్నాయి. మట్టిలోని ఊక, నారలు, రంగులోని జిగురు పురుగులకు ఆహారం. కొండ పగుళ్లలోంచి వాననీరు ఊరితే మట్టిపూత రాతినుంచి విడిపోతుంది. చెమ్మ పెరిగినప్పుడు పూత ఉబ్బుతుంది, తగ్గినప్పుడు కుంచించుకుపోతుంది. గబ్బిలాల రెట్ట రంగును తినేస్తుంది. గుహల్లో బసచేసినవారి వంటపొగ, దీపాల పొగ చిత్రాలను నల్లబరుస్తాయి.

14.3 వెలుగులోకి రావడం, వెంటనే మొదలైన నష్టం

బౌద్ధ భిక్షువులు విడిచి వెళ్లిన తరువాత గుహలను అడవి కమ్మేసింది. పరిసర గ్రామాల వారికి వాటి ఉనికి తెలియకపోలేదు. కాని బయటి ప్రపంచానికి తెలిసింది 1819లో. ఆ ఏడాది ఏప్రిల్ 28న మద్రాసు సైన్యానికి చెందిన అశ్వికదళ అధికారి జాన్ స్మిత్ పులివేటకు వచ్చి 10వ గుహను చూశాడు. చూసినవాడు ఊరుకోక తన పేరు, తేదీ అక్కడి చిత్రం మీదనే గీశాడు. అజంతాను 'కనుగొన్న' తేదీకి మనకున్న ఆధారం ఆ గీతే. అంటే, అజంతా ఆధునిక చరిత్రలో మొదటి పత్రం ఒక చిత్రానికి జరిగిన గాయం.

తరువాత వచ్చినవారిలో కొందరు ఇంకా ముందుకు వెళ్లారు. బొంబాయికి చెందిన డాక్టర్ బర్డ్ గోడమీది బొమ్మలను పెచ్చులుగా ఊడదీసి తీసుకుపోవాలని ప్రయత్నించగా అవి పొడిపొడి అయ్యాయి. అజంతా గోడనుంచి వెళ్లిన ఒక ముక్క నేడు అమెరికాలోని బోస్టన్ మ్యూజియంలో ఉంది. కొల్లగొట్టినవారిలో చదువుకున్నవారు, పురావస్తువులమీద ఆసక్తి ఉన్నవారే ఎక్కువ అన్నది గమనించదగిన విషయం.

14.4 నకళ్ల కాలం

వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ అజంతాను చూసి, 1843లో లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీకి తన వ్యాసాన్ని సమర్పించాడు. చిత్రాలు పూర్తిగా నశించకముందే వాటికి నకళ్లు తీయించాలన్న వాదన దానితో బలపడింది. ఈస్టిండియా కంపెనీ 1844లో మద్రాసు సైన్యాధికారి రాబర్ట్ గిల్‌ను ఆ పనికి నియమించింది. గిల్ సుమారు రెండు దశాబ్దాలు అక్కడే ఉండి పెద్ద పెద్ద కాన్వాసుల మీద తైలవర్ణాలతో నకళ్లు తీశాడు. వాటిని లండన్ పంపించి క్రిస్టల్ ప్యాలెస్‌లో ప్రదర్శించారు. 1866 డిసెంబరులో అక్కడ చెలరేగిన అగ్నిప్రమాదంలో కొద్ది చిత్రాలు తప్ప అన్నీ కాలిపోయాయి.

పనిని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. బొంబాయి కళాశాలకు చెందిన జాన్ గ్రిఫిత్స్ తన భారతీయ విద్యార్థులతో కలిసి 1872 నుంచి 1885 వరకు నకళ్లు తీశాడు. అవి కూడా లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియానికి చేరాయి. 1885లో అక్కడా అగ్నిప్రమాదం జరిగి వాటిలో చాలా భాగం నష్టపోయాయి. మిగిలినవాటి ఆధారంగా గ్రిఫిత్స్ 1896–97లో రెండు సంపుటాల గ్రంథాన్ని ప్రచురించాడు. నకలు తీసేటప్పుడు రంగులు స్పష్టంగా కనిపించడం కోసం అసలు చిత్రాలమీద వార్నిష్ పూయడం ఈ కాలంలో జరిగింది. నకలు కోసం అసలుకు హాని చేసిన సందర్భం ఇది.

మూడో ప్రయత్నం బ్రిటిష్ చిత్రకారిణి క్రిస్టియానా హెరింగ్‌హామ్‌ది. ఆమె 1909–10, 1910–11 శీతకాలాల్లో ఫర్దాపూర్‌లో గుడారాలు వేసుకుని పనిచేశారు. నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్, సమరేంద్రనాథ్ గుప్తా, మైసూరుకు చెందిన వెంకటప్ప ఆమెకు తోడుగా వచ్చారు. హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్, ఫజలుద్దీన్ కాజీ పాల్గొన్నారు. వీరి నకళ్లు 1915లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. ఈ శిబిరం ఫలితం నకళ్లతో ఆగలేదు. ఆధునిక భారతీయ చిత్రకళకు దారి చూపినవారిలో కొందరికి అజంతా గోడలే పాఠశాల అయ్యాయి.

1917–18లో జపాన్ చిత్రకారుడు అరాయి కంపో బృందం తీసిన నకళ్లు 1923 నాటి కాంటో భూకంపంలో టోక్యోలో ధ్వంసమయ్యాయి. ఈ విధంగా 60 ఏళ్లలోపే మూడుసార్లు నకళ్లు పోయాయి. మట్టిగోడ మీది చిత్రం మాత్రం మిగిలింది. 'నకలు ఉంది కదా' అని అసలు గురించి నిశ్చింతగా ఉండరాదని చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

14.5 హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖ

1914లో నిజాం ప్రభుత్వం ప్రత్యేకంగా పురావస్తు శాఖను నెలకొల్పి, గులాం యాజ్దానీని దానికి అధిపతిగా నియమించింది. ఆయన 1943 వరకు ఆ పదవిలో ఉన్నారు. అప్పటివరకు అజంతా గురించి అందరి ఆలోచనా 'చిత్రం పోయేలోగా నకలు తీసుకుందాం' అన్న పద్ధతిలో సాగింది. యాజ్దానీ కాలంలో 'గోడమీది చిత్రాన్నే నిలబెడదాం' అన్న దృష్టి ముందుకు వచ్చింది. హెరింగ్‌హామ్ శిబిరంలో పనిచేసిన సయ్యద్ అహ్మద్ గుహల క్యూరేటర్‌గా నియమితులయ్యారు.

మట్టిపూత రాతినుంచి విడిపోతున్నచోట దానిని తిరిగి అంటించగల నిపుణుల కోసం నిజాం ప్రభుత్వం ఇటలీ వైపు చూసింది. 1920–22 మధ్య రెండు పని రుతువుల్లో లొరెంజో చెక్కోని, ఆయన సహాయకుడు ఓర్సీని అజంతాలో పనిచేశారు. ఊడిపోతున్న పూత వెనుక జిగురును ఎక్కించారు. చిత్రాల విరిగిన అంచులకు గట్టు కట్టారు. పొడిరాలుతున్న రంగులను పట్టి ఉంచడానికి లక్కను ద్రవరూపంలో చేసి పైపూతగా పూశారు.

ఈ పనికి రెండు ఫలితాలు కలిగాయి. మొదటిది, ఊడి నేలరాలడానికి సిద్ధంగా ఉన్న చిత్రభాగాలు గోడకు నిలిచాయి. రెండోది, లక్క కాలక్రమంలో పసుపుబారి, గోధుమరంగుకు తిరిగింది. దుమ్మును, మసిని తనలో పట్టి ఉంచింది. చిత్రం అసలు రంగులు ఆ పొర వెనుకకు వెళ్లిపోయాయి.

మరి చెక్కోని చేసింది తప్పా? పరీక్షల్లో అభ్యాసకులు తరచుగా 'ఇటలీ నిపుణులు చిత్రాలను పాడుచేశారు' అని ఒక్క వాక్యంలో రాస్తారు. అది న్యాయమైన అంచనా కాదు. లక్క ఆనాడు ఆమోదం పొందిన పదార్థమే. చిత్రాన్ని గోడకు నిలబెట్టిన పనిని, దానిపై పూసిన పొరను విడివిడిగా అంచనా వేయాలి. మొదటి పని జరగకపోతే, రంగు మారిందని బాధపడటానికి నేడు కొన్నిచోట్ల చిత్రమే ఉండేది కాదు. అదే సమయంలో, తరువాతి తరం సులభంగా తీసివేయలేని పదార్థాన్ని చిత్రంమీద వాడరాదన్న నేటి సూత్రం ఇలాంటి అనుభవాల నుంచే రూపుదిద్దుకుంది.

యాజ్దానీ మరో పని కూడా చేశారు. ఇ.ఎల్. వాసీ తీసిన వర్ణ ఛాయాచిత్రాలతో 'అజంతా' గ్రంథాన్ని నాలుగు భాగాలుగా 1930, 1933, 1946, 1955 సంవత్సరాల్లో వెలువరించారు. ఆనాటి నుంచి రాలిపోయిన భాగాలను గుర్తించడానికి నేటికీ ఈ ఛాయాచిత్రాలు కొలమానంగా ఉపయోగపడతాయి. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో అజంతా చిత్రాల నకళ్లను ఇప్పటికీ చూడవచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
1. నకళ్లు నష్టపోయిన మూడు సందర్భాలను పేర్కొనండి.
2. లక్కపూత వల్ల కలిగిన మేలు, కీడు ఏమిటి?

14.6 స్వాతంత్య్రానంతరం

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. 1951 చట్టం ద్వారా అజంతా జాతీయ ప్రాముఖ్యం గల కట్టడంగా గుర్తింపు పొంది, కేంద్ర ప్రభుత్వ పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణలోకి వచ్చింది. 1956 నవంబరు 1న ఔరంగాబాద్ ప్రాంతం బొంబాయి రాష్ట్రంలోను, 1960లో మహారాష్ట్రలోను చేరింది. 1983లో యునెస్కో అజంతాను ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది.

సర్వేక్షణ శాఖలోని రసాయన విభాగం చేపట్టిన ప్రధానమైన పని పాత పొరలను తీయడమే. లక్కను కరిగించే ద్రవం కింది రంగును కరిగించకూడదు. అందువల్ల ముందు చిన్న భాగంలో పరీక్షించి, ఫలితం చూసి, తరువాతనే ముందుకు సాగాలి. చేతివెడల్పు స్థలానికి రోజుల తరబడి సమయం పట్టే పని ఇది. పొరలు తీసినచోట మరుగున పడిన రంగులు, గీతలు బయటపడ్డాయి.

రాలిపోయిన భాగాలను కొత్తగా పూరించి చిత్రించాలా అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. ఉన్నదానిని ఉన్నట్టు నిలబెట్టడం పరిరక్షణ. లేనిదానిని తిరిగి కల్పించడం పునరుద్ధరణ. అజంతాలో మొదటిదానికే ప్రాధాన్యం. రాలినచోట పూతను చుట్టూ ఉన్న వర్ణానికి దగ్గరగా సరిచేసి వదిలివేస్తారు. బోధిసత్త్వుడికి కొత్త ముఖం గీయరు. ప్రేక్షకుడికి చిత్రం అసంపూర్ణంగా కనిపించవచ్చు. కాని అతడు చూస్తున్న ప్రతి గీతా 5వ శతాబ్దపు చిత్రకారుడిదే అన్న నమ్మకం మిగులుతుంది.

నేడు ఎదురవుతున్న ప్రధాన సమస్య సందర్శకుల రద్దీ. అందరి ఊపిరితో గుహలో చెమ్మ, వేడి పెరుగుతాయి. అందుకే గుహలోకి ఒకేసారి వెళ్లేవారి సంఖ్యను పరిమితం చేశారు. తక్కువ వేడినిచ్చే దీపాలు అమర్చారు. వాహనాలను దూరంగానే ఆపి, అక్కడినుంచి ప్రత్యేక బస్సుల్లో తీసుకువెళుతున్నారు.

14.7 మన ప్రాంతానికి అన్వయం

ఈ పాఠం అజంతాకే పరిమితం కాదు. మదనపల్లె, పుంగనూరు, సోమల ప్రాంతాల అభ్యాసకులకు విజయనగర కాలపు చిత్రాలు అందుబాటులోనే ఉన్నాయి. హిందూపురం దగ్గరి లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాలు అచ్యుతదేవరాయల కాలానివి. విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు ఆ నిర్మాణానికి కారకులు. ములకలచెరువు వైపు సోంపల్లె చెన్నకేశవస్వామి ఆలయంలోను చిత్రాలున్నాయి.

అజంతాకు, వీటికి ఒక తేడా ఉంది. అజంతాలో పూజ లేదు. ఆలయాల్లో ఆరాధనతో పాటు దీపం, కర్పూరం, నూనె కూడా ఉంటాయి. వాటిని కాదనలేం. కాని తిరునాళ్లు వచ్చాయని గోడలకు సున్నం కొట్టడం, పాత బొమ్మలమీద కొత్త ఎనామిల్ రంగులు వేయడం మానుకోవచ్చు. భక్తితో, గుడి శుభ్రంగా కనిపించాలన్న మంచి ఉద్దేశంతో చేసే పనే అది. గ్రిఫిత్స్ వార్నిష్ పూసింది కూడా మంచి ఉద్దేశంతోనే. చిత్రానికి మన ఉద్దేశం తెలియదు. దానిపై మనం ఏమి పూశామన్నదే మిగులుతుంది.

కృత్యం: మీ మండలంలోని ఏదైనా పాత ఆలయంలో చిత్రాలున్నాయేమో పరిశీలించండి. పూజారిగారి అనుమతితో, వెలుగు మిటకరించకుండా ఛాయాచిత్రాలు తీయండి. తేదీ, గోడ దిక్కు, పగుళ్లు, చెమ్మ మరకలు నమోదు చేయండి. చిత్రాన్ని తాకవద్దు, తడిగుడ్డతో తుడవవద్దు.

14.8 సారాంశం

అజంతా చిత్రాలు మట్టిపూతమీద జిగురు రంగులతో వేసినవి కావడంవల్ల చెమ్మకు, పురుగులకు తేలికగా లోబడతాయి. 1819 తరువాత సందర్శకులవల్ల, సేకర్తలవల్ల నష్టం జరిగింది. గిల్, గ్రిఫిత్స్, అరాయి బృందాల నకళ్లలో అధికభాగం ప్రమాదాల్లో పోయాయి. హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖ మూలచిత్రాన్నే కాపాడే విధానాన్ని చేపట్టింది. ఆనాటి లక్కపూతను నేటి శాస్త్రజ్ఞులు ఓపికగా తొలగిస్తున్నారు. పరిరక్షణ ఒకసారి చేసి ముగించే పని కాదు. ఒక తరం చేసినదానిని తరువాతి తరం పరిశీలించి, సరిదిద్ది, కొనసాగించవలసిన పని.

14.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అజంతా చిత్రాల పరిరక్షణలో హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖ పాత్రను విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. నకలు మూలానికి ప్రత్యామ్నాయం కాగలదా? అజంతా చరిత్ర ఆధారంగా చర్చించండి.

ఆ) కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అజంతా చిత్రాలు వేసిన పద్ధతిని తెలపండి.
2. పరిరక్షణకు, పునరుద్ధరణకు తేడా ఏమిటి?
3. ఆరాధన జరిగే ఆలయాల్లో చిత్రాలను కాపాడటంలో ఎదురయ్యే సమస్యలను పేర్కొనండి.