గునపం సరే, గంప ఏది?

తిరుమల మహాద్వారం దాటేటప్పుడు ఎప్పుడైనా కుడివైపు గోడ మీదకి చూశారా? నేను నాలుగైదు సార్లు వెళ్ళి కూడా చూడలేదు. ధ్యాసంతా క్యూ మీదే కదా! అక్కడ వేలాడేది ఒక తోటమాలి గునపం.

ఆయన అనంతాళ్వార్, రామానుజుల (సంప్రదాయం లెక్కలో 1017–1137) శిష్యుడు. కొండ మీద స్వామికి పూలతోట వేసే మగాడెవరని గురువు శ్రీరంగంలో అడిగితే ఈయనొక్కరే లేచారట. అప్పట్లో తిరుమలంటే చలి, అడవి. ఇంకొకరి సాయం పట్టకుండా తోటకి చెరువు తవ్వడం మొదలెట్టారు. నిండు చూలాలైన భార్య మట్టి మోసింది. ఒక కుర్రాడు జాలిపడి ఆవిడ గంప అందుకుంటే, నా సేవలో వాటాకొస్తావా అని ఈయన గునపం విసిరారు. గడ్డానికి తగిలింది. గుళ్ళోకెళ్ళి చూస్తే స్వామి గడ్డం నుంచి రక్తం! మూలవిరాట్టు గడ్డానికి పచ్చకర్పూరం పెట్టడం అందుకేనంటారు.

కథ సంగతెలా ఉన్నా తోట నిజం. గుడి వెనక వైపు ఇప్పటికీ ఉంది. ఏటా బ్రహ్మోత్సవాలైన మర్నాడు బాగ్ సవారీ అని స్వామి అక్కడికి అప్రదక్షిణంగా వెళ్తాడు.

నన్ను తొలిచేది ఒకటే. మగాడెవరని మొదలైన పనిలో మట్టంతా మోసింది ఆవిడ. స్వామి కుర్రాడై దిగొచ్చింది కూడా ఆవిడ బరువు చూసే. నేను విన్న ఏ చోటా ఆవిడ పేరు చెప్పలేదు, 'ఆయన భార్య' అంతే.

మా బాల్కనీలో తులసి కుండీకి కిందనుంచి మట్టి ఎవరు మోశారో మాత్రం అడక్కండి :-)