కాల్చే గాజుగోళం, కటకపు నాభి

నల్లమాడ ఎండలో భూతద్దం పట్టి, కాగితంపై వెలుగుచుక్క నిలిపి పొగ రప్పించిన బాలురు ఎందరో ఉంటారు. అద్దానికీ ఆ చుక్కకూ నడుమనున్న దూరాన్ని స్కేలుతో కొలిస్తే అదే ఆ కటకపు నాభ్యంతరం. సూర్యుడు మిక్కిలి దూరాన ఉన్నందువల్ల అతని కిరణాలు సమాంతరంగా వచ్చి నాభి వద్దనే కూడుకొంటాయి. వస్తువు దగ్గరగా ఉంటే సంగతి వేరు. కొవ్వొత్తిని కటకానికి 30 సెంటీమీటర్ల దూరాన వెలిగించగా, దాని బొమ్మ ఆవలి ప్రక్క 60 సెంటీమీటర్ల వద్ద తెరపై స్పష్టంగా పడిందనుకొందాం. రెండు దూరాలను గుణిస్తే 1800, కూడితే 90. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే 20. నాభ్యంతరం 20 సెంటీమీటర్లు. కొవ్వొత్తిని 40కి జరిపితే బొమ్మ కూడా 40 వద్దకే వస్తుంది, లెక్క మరల 20నే చూపుతుంది. పదవ తరగతి విద్యార్థులకు ఇది తెలిసినదే.

ఈ సూత్రాన్ని ఇబ్నుల్ హైసమ్ కనుగొన్నాడని మన సభలలో కొందరు వక్తలు చెప్పడం కద్దు. అభిమానం మంచిదే గాని, ఆ మాట నిజం కాదు. ఆయన నిజంగా సాధించినదేమిటో ఎరిగినవారికి లేని కీర్తిని తెచ్చి ఆయనకు అంటగట్టవలసిన అగత్యం కలుగదు.

క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో జన్మించి కైరోలో స్థిరపడిన ఈ విద్వాంసుడు ‘కితాబుల్ మనాజిర్’ అనే ఏడు భాగాల మహాగ్రంథమే గాక, కాల్చే గోళాన్ని గురించి వేరుగా ఒక చిన్న రచన కూడా చేశాడు. ఎండలో ఉంచిన గాజుగోళంలోనికి పోయేటప్పుడు ఒకసారి, వెలికి వచ్చేటప్పుడు మరొకసారి కిరణం వంగుతుంది. అట్టి కిరణాలు కూడి కాల్చే చోటు గోళానికి వెనుక, దాని వ్యాసంలో నాలుగవ వంతుకు లోపలనే ఉంటుందని ఆయన నిర్ణయించాడు. నేటి లెక్కతో దీనిని పరీక్షించి చూడవచ్చు. వక్రీభవన గుణకం 1.5 గల గాజుతో చేసిన 12 సెంటీమీటర్ల గోళానికి, అక్షాన్ని ఆనుకొని పోయే కిరణాలు సరిగ్గా 3 సెంటీమీటర్ల వద్ద కలుస్తాయి. అంచులవైపు తగిలేవి ఇంకా దగ్గరగా కలుస్తాయి. కిరణాలన్నీ ఒకే బిందువున చేరవని ఆయన ఎరుగును. కాబట్టే ‘నాలుగవ వంతు’ అనక ‘నాలుగవ వంతుకు లోపల’ అన్నాడు. ఆ ‘లోపల’ అన్న మాటలోని జాగ్రత్తే నాకు అన్నిటికంటె గొప్పగా తోస్తుంది.

ఆయనకు కొంచెం ముందు, 984 ప్రాంతంలో, బగ్దాదులో ఇబ్ను సహ్ల్ అనే గణితజ్ఞుడు ఇంకొక దారి త్రొక్కాడు. మన విద్యార్థి చేతిలో కటకం ముందుంది, నాభిని వెదకుతాడు. ఇబ్ను సహ్ల్ వెలుగు ఎక్కడ ఉన్నదో, ఎక్కడ కాల్చవలెనో ముందు నిర్ణయించుకొని, అందుకు తగిన కటకపు రూపాన్ని వెదికాడు. దూరపు వెలుగుకు ఒక ముఖం చదునుగా, రెండవ ముఖం అతిపరావలయపు వంపుగా ఉండాలి. దగ్గరి వెలుగుకు రెండు ముఖాలూ ఆ వంపులోనే ఉండాలి. వస్తు దూరం, ప్రతిబింబ దూరం అనే జంట ఇక్కడ తలక్రిందులుగా కనబడుతున్నది గదా! డమాస్కస్, టెహ్రాన్‌లలో చెదరియున్న వ్రాతప్రతులను జతపరచి రుష్దీ రాషిద్ 1990లో ఈ సంగతిని లోకానికి చాటేవరకు ఇది మరుగుననే ఉండిపోయింది.

ఇబ్నుల్ హైసమ్ రచన మాత్రం అంతగా మరుగున పడలేదు. కమాలుద్దీన్ ఫార్సీ దానిపై చేసిన వ్యాఖ్య ఆయన ‘తన్‌కీహుల్ మనాజిర్’లో చేరింది, నీరు నింపిన గాజుగోళంతో ఇంద్రధనుస్సు కారణాన్ని శోధించినది కూడా ఈ ఫార్సీయే. ఆ గ్రంథాన్ని హిజ్రీ 1347-48లో, అనగా 1928-30 నడుమ, రెండు సంపుటాలుగా అచ్చువేసినది మన హైదరాబాదులో 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్.

మరి సూత్రం వారికెందుకు దొరకలేదు? వారి ప్రశ్న ‘ఎక్కడ కాలుతుంది?’ అన్నది. కొవ్వొత్తి బొమ్మ ఏ దూరాన తెరపై నిలుస్తుందన్నది వారి ప్రశ్న కాదు. దూరదర్శిని వచ్చిన పిదపనే ఆ ప్రశ్నకు తొందర కలిగింది. 1572లో బాసెల్‌లో లాటిన్‌లో అచ్చయిన ఇబ్నుల్ హైసమ్ గ్రంథాన్ని చదివిన కెప్లర్ 1611లో కటకాలపై పుస్తకం వ్రాశాడు. సాధారణ సూత్రాన్ని 1693లో హేలీ ప్రకటించాడు. అయినా పాత వాసన పోలేదు. నాభికి కెప్లర్ వాడిన ‘ఫోకస్’ అనే లాటిన్ మాటకు పొయ్యి అని అర్థం. ‘లెన్స్’ అంటే మైసూరు పప్పు. అరబ్బీలో ‘అదస్’ కూడా ఆ పప్పే, కటకాన్ని ఉర్దూలో ‘అదసా’ అంటున్నాము.

గాజుగోళం దొరకని విద్యార్థి గుండ్రని బుడ్డిలో నీరు నింపి ఎండలో పెట్టి చూడవచ్చు, సూర్యునివైపు మాత్రం చూడరాదు. నీటి గుణకం తక్కువ గనుక వెలుగు నాలుగవ వంతు వద్ద కాక, వ్యాసంలో సుమారు సగం దూరాన కూడుతుంది. 6 సెంటీమీటర్ల బుడ్డికి 3 సెంటీమీటర్ల వెనుక కాగితం పట్టుకొని, అక్కడినుండి కొంచెం కొంచెంగా దగ్గరకు జరపాలి.