చెత్తబుట్టలోంచి తీసిన పాట

2009 జులై 7. లాస్ ఏంజెలెస్‌లోని స్టేపుల్స్ సెంటర్‌లోకి మైకేల్ జాక్సన్ శవపేటికను తీసుకొస్తుంటే గాయకబృందం ‘సూన్ అండ్ వెరీ సూన్’ అందుకుంది. అప్పటికి ముప్ఫై ఏళ్లు దాటిన ఆరాధన పాట అది. రాసింది ఆంద్రే క్రౌచ్. జాక్సన్ ‘మ్యాన్ ఇన్ ద మిర్రర్’లో ఉప్పెనలా లేచే కోరస్ కూడా ఆయన బృందానిదే. ఆ కోరస్ మన దగ్గరా ఎందరో విన్నారు, ఆ మనిషి పేరే మనదాకా రాలేదు.

1942లో కాలిఫోర్నియాలో ఆంద్రే, సాండ్రా కవలలుగా పుట్టారు. తండ్రి బెంజమిన్ బతుకుతెరువుకు లాండ్రీ నడుపుతూ, వీధుల్లో నిలబడి వాక్యం చెప్పేవాడు. ఒక చిన్న సంఘం ఆయన్ని ప్రసంగానికి పిలిచింది. అక్కడ పియానో వాయించే దిక్కు లేదు. దేవుడు నీకు సంగీతం ఇస్తే ఆయన మహిమకే వాడతావా అని కొడుకును అడిగి, ప్రార్థన చేశాడు. తల్లి అట్టమీద అచ్చువేసిన పియానో మెట్లు కొనిచ్చింది. నొక్కితే చప్పుడు రాని ఆ అట్టమీదే పిల్లవాడి వేళ్లు నడక నేర్చాయి. కొద్ది వారాలకే సంఘంలో అసలు పియానో ముందు కూర్చున్నాడు.

చదువు మాత్రం నరకం. డిస్లెక్సియా వల్ల అక్షరాలు పట్టుబడేవి కావు. గుర్తుంచుకోవాల్సినవన్నీ బొమ్మలుగా గీసుకునేవాడు. పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో క్రీస్తు రక్తం మీద ఓ పాట కట్టి, బాగాలేదని చెత్తబుట్టలో పడేశాడు. సాండ్రా తీసి దాచింది. ‘ద బ్లడ్ విల్ నెవర్ లూజ్ ఇట్స్ పవర్’ అలా బతికింది. అమెరికాలో తెల్లవాళ్ల చర్చిలూ నల్లవాళ్ల చర్చిలూ వేరువేరుగా ఆరాధించే రోజుల్లో, రెండుచోట్లా పాడుకున్న పాట అది. నా దృష్టిలో ఆయనకొచ్చిన ఏడు గ్రామీలకన్నా ఇది పెద్ద సంగతి.

1965లో ‘డిసైపుల్స్’ బృందం పెట్టాడు. డ్రమ్ములు, ఎలక్ట్రిక్ బాస్, ఫంక్ దరువు ఆరాధనలోకి తెచ్చాడు. ఇది లోకసంగీతమని పెద్దలు గొణిగారు. ఆయన బాణీ మార్చాడు కానీ యేసు పేరును ఎక్కడా మెత్తబరచలేదు. కార్నెగీ హాల్లోనూ అదే పాడాడు. ఎల్విస్ ప్రెస్లీ, పాల్ సైమన్ ఆయన పాటలు పాడారు. ‘ద కలర్ పర్పుల్’ సినిమా సంగీతంలో ఆయన వంతుకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

తొంభైల్లో తండ్రి పోయాడు. ఆ కుటుంబం నడిపిన చర్చి కాపరి లేకుండా మిగిలింది. స్టూడియోల్లో అంత పేరున్న మనిషి 1995లో ఆ పీఠం ఎక్కి, ఆదివారం ఆదివారం వాక్యం చెప్పాడు. మూడేళ్లకు సాండ్రాను పాస్టరుగా అభిషేకించాడు. స్త్రీలకు ఆ హోదా ఇవ్వకూడదన్నది ఆ చర్చి చెందిన క్రైస్తవ శాఖ నియమం. తెలిసే చేశాడు.

2015 జనవరి 8న ఆంద్రే కన్నుమూశాక ఆ ప్రసంగ వేదిక మీద సాండ్రా నిలబడింది.